మూడవ పేరు

మహాలయ అమావాస్యనాడు తర్పణము విడుచునప్పుడు మనము మూడు పేర్లు చెప్పుదుము. తండ్రి పేరు, తాత పేరు, ముత్తాత పేరు. తండ్రిని ఎరుగుదుము. తాతను చాలమంది ఎరుగుదురు. ఆయన ఒడిలో కూర్చుండి అన్నము తిన్నవారును కలరు. మూడవ పేరు మాత్రము పురోహితులు అందించగా మనము పలుకునదియే. గోత్రముతో సహా దానిని తప్పు లేకుండ పలుకుదుము, నువ్వులును నీళ్లును విడుతుము, లేచి వత్తుము. ఆ పేరుగల మనుష్యుడు పొడగరియో పొట్టివాడో, కోపియో శాంతుడో, దేనికి నవ్వెనో, దేనికి దుఃఖించెనో మనకు తెలియదు. మన తరువాత మన కుమారులు ఆ పీటమీద కూర్చుండునాటికి మనము మొదటి పేరగుదుము. అప్పుడా మూడవ పేరు వరుసనుండి జారిపోవును. దానిని పలుకు నోరు ఇక ఇంట ఉండదు.

ఇంత చిన్న సంగతి మాకు అరువది యేండ్లు దాటువరకు తోచలేదు. సముద్రములకావల, ఒక కెనడా దేశపు స్త్రీ తీసిన బొమ్మల చలనచిత్రమును చూచిన రాత్రి తోచినది. ఆ చిత్రమును గూర్చియు, దానిని తీసిన ఆమెను గూర్చియు, అది చూచి వచ్చిన పిదప మేము చేసిన పనిని గూర్చియు ఈ ప్రత్యేక సంచికలో నాలుగు మాటలు చెప్పుకొనవలెనని మా కోరిక.

మాది బరంపురము. మన సంఘములలోని పలువురవలె మేము ఒకచోటనుండి మరియొకచోటికి వలస వచ్చినవారము కాము. మా పూర్వులు ఉన్నచోటనే ఉండిరి. సరిహద్దు వారిని దాటిపోయినది. 1936వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడినప్పుడు మా ఊరు మదరాసు రాజధానినుండి విడివడి అందులో చేరినది. నాటినుండి వీధిలో ఒడియా, వంటింట తెలుగు, కచేరీలో ఇంగ్లీషు మాటలాడుచు మూడు తరములు గడిపితిమి.

మా నట్టింట ఒక ఛాయాపటము కలదు. అందులో ఒక నడివయస్కుడు కోటు తొడిగి, తలపాగా చుట్టి, కుర్చీలో నిటారుగా కూర్చుండియుండును. ప్రక్కన బల్లమీద ఒక హార్మోనియము. ఆయన మా ముత్తాతగారు. గోపాలపురము రేవున ఓడ యెక్కి రంగూను వెళ్లెనట, తిరిగి రాలేదట. ఈ రెండు ‘అట’లే మాకు దక్కిన చరిత్ర. ఆయన కోడలైన మా నాయనమ్మ 1994 వరకు జీవించియుండెను. ఆమె పప్పు రుబ్బుచు మామగారి కథ మొదలుపెట్టినప్పుడెల్ల మేము పరీక్షలున్నవని ఒకసారి, బజారుపని ఉన్నదని ఒకసారి లేచిపోయితిమి. అడుగవలసిన దినములలో అడుగని దోషము మాదే, మరెవ్వరిదియు కాదు.

2023వ సంవత్సరపు శీతకాలమున మా కుమారుని యింట కొన్ని నెలలు గడపుటకు వాంకూవరు వెళ్లితిమి. ఆ నగరమున చలికాలమంతయు ముసురే. బయటికి పోవుటకు వీలులేని ఒక సాయంకాలమున, చిత్రలేఖనము నేర్చుకొనుచున్న మా మనుమరాలు మమ్ము పిలిచి, “తాతా, ఇది మా ఊరావిడ తీసింది. వాళ్ల ముత్తాత కథ” అని ఒక చిత్రమును చూపినది. దాని పేరు ‘ది మాజికల్ లైఫ్ ఆఫ్ లాంగ్ టాక్ శామ్’. 2003లో వెలువడినది. తీసినది ఆన్ మేరీ ఫ్లెమింగ్.

ఈమె 1962లో ఒకినావా ద్వీపమున జన్మించినది. అప్పటికా ద్వీపము అమెరికావారి పరిపాలనలో నుండెను. 1972లో గాని మరల జపానునకు దక్కలేదు. ఆమెలో చైనా రక్తమును, ఆస్ట్రేలియా రక్తమును కలిసినవి. పెరిగినది కెనడా పడమటి తీరమునందలి బ్రిటిష్ కొలంబియాలో. మీ దేశమేది యని ఎవరైన అడిగినచో ఒక్క మాటలో బదులు చెప్పలేని జన్మము. సరిహద్దులు మారిన చోట పుట్టిన మన పిల్లలకు ఈ ఇబ్బంది కొత్తది కాదు.

ఆమె వాంకూవరులోని ఎమిలీ కార్ కళాశాలలో చలనబొమ్మల విద్య నేర్చినది. ఈ విద్య ఎంత ఓర్పుతో కూడినదో మా మనుమరాలు చెప్పగా గాని మాకు తెలియలేదు. తెరమీద ఒక్క సెకనులో ఇరువదినాలుగు చిత్రములు కదలిపోవును. ఒక్కొక్క బొమ్మను రెండేసి మారులు చూపి సరిపెట్టుకొన్నను సెకనునకు పండ్రెండు బొమ్మలు కావలెను. నిమిషమునకు 720. ఆ లెక్కను గంటన్నర చిత్రమునకు అరువది వేలకు మించిన బొమ్మలు. పెద్ద వ్యాపార సంస్థలలో ఈ పనికి వందలమంది ఉందురు. స్వతంత్ర నిర్మాతకు తన చేతులును, నలుగురు మిత్రులును, అప్పుడప్పుడు దొరకు విరాళములునే దిక్కు.

కెనడాలో ఇట్టివారికి కొంత ఆలంబనము కలదు. 1939లో ఆ ప్రభుత్వము జాతీయ చలనచిత్ర మండలిని స్థాపించినది. 1941లో అందు చేరిన నార్మన్ మెక్‌లారెన్ కెమెరా లేకుండ, చిత్రపు రీలుమీదనే కలముతో బొమ్మలు గీచి కదలించిన ప్రయోగశీలి. 1952లో ఆయన తీసిన ‘నైబర్స్’ అను లఘుచిత్రము ఆస్కారు బహుమానము పొందినది. చలనబొమ్మలు పిల్లల వేడుక మాత్రమే కాక ఒక మనుష్యుని అంతరంగమును చెప్పగలవని ఆ దేశమున ఆనాడే తెలిసికొనిరి. ఫ్లెమింగ్ ఆ వాతావరణమున పెరిగిన కళాకారిణి. కొన్ని చిత్రములను ఆ మండలి భాగస్వామ్యమున, కొన్నిటిని ఒంటరిగ తీసినది. నటులతో తీసినవియు, వాస్తవ చిత్రములును, బొమ్మలతో తీసినవియు కలవు. మూడింటిని ఒకే చిత్రమున కలిపినవియు కలవు.

1989లో ఆమె తీసిన ‘యూ టేక్ కేర్ నౌ’ అను పది నిమిషముల చిత్రము ఆమెకు గుర్తింపు తెచ్చినది. ఒంటరిగ ప్రయాణము చేయుచుండగా పరదేశమున తనపై జరిగిన అత్యాచారమును, తరువాత స్వదేశమున వాహనముల క్రింద పడిన ప్రమాదమును అందులో తన కంఠముతోనే చెప్పినది. మన యిండ్లలో ఇట్టివి దాచుదురు. ఆమె దాచలేదు, అట్లని ఏడ్చి చెప్పలేదు. జరిగినది జరిగినట్లు, నడుమ నడుమ చిన్న చిరునవ్వుతో చెప్పినది. చెప్పనిది పోవునని ఆమెకు పిన్నవయస్సుననే తెలిసియుండెనని మాకు తోచినది.

ఆమె సృష్టించిన బొమ్మ యొకటి కలదు. దానిని స్టిక్ గర్ల్ అందురు. పుల్లల పిల్ల యనవచ్చును. తలకొక సున్న, ఒంటికొక గీత, కాలుసేతులకు గీతలు. పలకమీద చిన్నపిల్లలు గీయునట్టిది. ఇది ఆమెకు ప్రతిబింబము. ముత్తాత కథలో దేశదేశములు తిరిగి ప్రశ్నలడుగునది ఈ పుల్లల పిల్లయే. చుట్టునున్న ఛాయాచిత్రములు, పాత వార్తాపత్రికలు, రంగస్థల ప్రకటనలు నిండుగా ఘనముగా ఉండ, వానినడుమ నాలుగు గీతల మనిషి నడచిపోవుచుండును. పూర్వుల సంగతి మనకు తెలిసినది అంతే కదా. వారు నిండు చిత్తరువులు. మనము వారి ముందు గీతలము.

ఇక లాంగ్ టాక్ శామ్ ఎవరు? 1880వ దశకమున ఉత్తర చైనాలో పుట్టినవాడు. మా ముత్తాతగారికి ఇంచుమించు ఈడువాడు. పిన్నవయస్సుననే పిల్లిమొగ్గలును, గారడియును నేర్చి దేశాంతరము పోయెను. ఆస్ట్రియా దేశపు యువతియగు పోల్డీని వివాహమాడెను. కుమార్తెలతోను, ఇతర కళాకారులతోను ఒక బృందమును కూర్చుకొని ఖండఖండాంతరములు తిరిగెను. ఆనాడు అమెరికాలో వాడవిల్ అను వినోదశాలలు విరివిగా నుండెడివి. మన జాతరలో గడసాము, గారడి, పాట, హాస్యము ఒకే రాత్రి చూచునట్లు, వారచట ఒకే వేదికమీద అన్నియు చూచువారు. వేదికపై పిల్లిమొగ్గ వేసి నిలుచునప్పటికి ఆయన చేతులలో నీళ్లతో నిండిన పెద్ద పాత్ర ప్రత్యక్షమగును. ఆ విద్యను చూచుటకు జనము విరుగబడెడివారు. తరువాతి కాలమున చలనచిత్రములలో హాస్యమునకు పేరుపొందిన మార్క్స్ సోదరులు ఆయనతోపాటు ఆ వేదికలనెక్కినవారే. బాలుడైన ఆర్సన్ వెల్స్ ఆయన యొద్ద గారడి మెలకువలు నేర్చెనందురు.

ఆ కాలమెట్టిదో పాఠకులు తలంపవలెను. 1882లో అమెరికా చైనా కూలీల రాకను నిషేధించుచు చట్టము చేసినది. అది 1943 వరకు అమలులో నుండెను. కెనడా 1885లో చైనావారిమీద తలపన్ను విధించినది. 1903 నాటికి దానిని 500 డాలర్లకు పెంచినది. 1923లో వారి రాకనే దాదాపు నిలిపివేసినది. ఆ చట్టము 1947లో గాని తొలగలేదు. ఒకవైపు తలుపు మూయుచునే మరియొకవైపు టిక్కెట్టు కొని ఆ జాతివాని విద్యను చూచి చప్పట్లు కొట్టిన లోకమది. అట్టి లోకమున ఆయన పట్టువస్త్రములు ధరించి, తల యెత్తి, ప్రకటన పత్రములమీద పెద్ద అక్షరములలో తన పేరు వేయించుకొనెను.

ఇంతటివాడు ఎట్లు మరపునబడెను? ఆయన 1961లో ఆస్ట్రియాలో గతించెను. మునిమనుమరాలు అడుగునాటికి గారడివారిలో కొందరు పెద్దలు తప్ప ఆయనను తలచువారు లేరు. మాటలాడు చిత్రములు 1927నుండి విజృంభించినవి. వాడవిల్‌కు శిరోమణియైన న్యూయార్కులోని పాలస్ నాటకశాల 1932లో ఆ ప్రదర్శనలను చాలించి చలనచిత్రశాలయైనది. తరువాత యుద్ధములు వచ్చి కుటుంబమును దేశమునకొకరిగ చెదరగొట్టినవి. ఇవి పైకి కనబడు కారణములు. మాకు తోచిన కారణము మరియొకటి కలదు. అమెరికావారికి ఆయన చైనావాడు. చైనావారికి పరదేశములందు పేరు తెచ్చుకొన్నవాడు. ఆస్ట్రియావారికి అల్లుడు. ఏ దేశపు చరిత్రకారుడును ఆయనను తనవానిగ లెక్కింపలేదు. అందరివాడు ఎవ్వరివాడును కాకపోయెను.

ఈ మాట వినినప్పుడు మన సంఘముల పెద్దలు మా కన్నులముందు మెదలిరి. బరంపురమున, హోసూరున, షోలాపురమున, మదురలో తెలుగున పద్యములు చెప్పినవారు, బడులు పెట్టినవారు, నాటకములాడినవారు ఎందరు లేరు! ఉన్న రాష్ట్రపు చరిత్రలో వారిని పరభాషవారని వ్రాయరు. ఆంధ్రదేశపు చరిత్రలో పొరుగు రాష్ట్రమువారని వ్రాయరు. ఇరువురును చెడ్డవారు కారు. ఎవరి పుస్తకము వారిది. మనవారి పేర్లు మాత్రము ఆ రెండు పుస్తకముల నడిమి సందున పడిపోయినవి.

ఫ్లెమింగ్ ఆ సందులో చేయిపెట్టి వెదకినది. బంధువులను, ముసలి గారడివారిని, పాతచిత్రములు దాచుకొన్నవారిని కలిసికొని అడిగినది. అడిగిన కొలదియు చిక్కు పెరిగినది. ఆయన బాల్యమును గూర్చి ఒక్కొక్కచోట ఒక్కొక్క కథ. ఇల్లు విడిచిన కారణము ఒక కథలో ఒకటి, ఇంకొక కథలో ఇంకొకటి. పండితుడైన పరిశోధకుడు వానిలో నొకటి నిలిపి తక్కినవి కొట్టివేయును. ఆమె అట్లు చేయలేదు. ప్రతి కథకును బొమ్మల కథల పుస్తకములోనివంటి చిత్రములు వేయించి, ఒకదాని వెనుక నొకటి చూపినది. ఇందులో ఏది నిజమో ఆమె తేల్చలేదు. మనలను తేల్చుకొమ్మనియు అనలేదు. తెనాలి రామకృష్ణుని గూర్చి మనకున్న కథలలో ఏది జరిగినదని ఎవరు అడిగిరి? అన్నియు కలిసియే ఆయన. ఒక మనుష్యుని గూర్చి నలుగురు నాలుగు విధములుగ చెప్పుకొనిరనుటయే ఆయన బ్రతికెననుటకు గట్టి సాక్ష్యము.

2007లో ఆమె ఈ కథను బొమ్మల పుస్తకముగ వెలువరించినది. మరుసటి సంవత్సరము దానికి కెనడాలో డగ్ రైట్ బహుమానము లభించినది. చిత్రము చూచిన మరునాడు మేము ఆ పుస్తకమును చేతబట్టుకొని రెండుమారులు చదివితిమి. మాకొక కొరత మిగిలినది. తన ఊరు విడిచి గారడివాని వెంట లోకమంతయు తిరిగిన ఆ పోల్డీ యేమనుకొనెనో ఇంకను తెలిసినచో బాగుండునని. కాని అది ఆమె చేసిన లోపము కాదు. అడుగువారు పుట్టునాటికి చెప్పువారు పోవుదురు. ఆడువారి మాట మరింత త్వరగ పోవును. మా నాయనమ్మ మాట పోలేదా?

ఆమె తరువాతి చిత్రములును ఈ దారినే నడచినవి. 2010లో జాతీయ చలనచిత్ర మండలి పక్షమున, బర్నీస్ ఐసెన్‌స్టైన్ వ్రాసిన బొమ్మల జ్ఞాపకముల పుస్తకమునుండి ఒక లఘుచిత్రమును తీసినది. నాజీల మారణకాండనుండి బయటపడిన తల్లిదండ్రులకు కెనడాలో పుట్టిన కుమార్తె కథ అది. తాను చూడని దుఃఖమును మోయవలసివచ్చిన తరమును గూర్చినది.

2016లో వెలువడిన ‘విండో హార్సెస్’ ఆమె చిత్రములలో మాకు మిక్కిలి ప్రియమైనది. పూర్తి నిడివిగల బొమ్మల చిత్రము. వ్యాపార సంస్థలేవియు ముందుకు రానిచో ఇట్టి పనులు ఆగిపోవును. ఈ చిత్రమునకు ప్రసిద్ధనటి శాండ్రా ఓ అండగా నిలిచి, ప్రజలనుండి చందాలు కోరి, కథానాయికకు తన కంఠమునిచ్చినది. కథానాయిక రోజీ మింగ్ వాంకూవరు పిల్ల. తల్లి చైనా సంతతి, తండ్రి ఇరానువాడు. తల్లి మరణించినది, తండ్రి విడిచిపోయెనని ఆమె నమ్మకము. తాతయు అమ్మమ్మయు పెంచిరి. తన పద్యములను తానే అచ్చువేసికొన్న ఈ పిల్లకు ఇరాను దేశపు షీరాజు నగరములో జరుగు కవిసమ్మేళనమునకు ఆహ్వానము వచ్చును. పదునాలుగవ శతాబ్దపు మహాకవి హాఫిజ్ సమాధి ఉన్న నగరమది. అచట తండ్రిని ఎరిగినవారు ఒక్కొక్కరు ఒక్కొక్క ముక్క చెప్పగా, ఆయన తన్ను వలదని విడిచిపోలేదని ఆమెకు తెలియును.

ఇందులో తక్కినవారందరు నిండైన బొమ్మలు. రోజీ మాత్రము మన పుల్లల పిల్లయే. పద్యములు వచ్చినచోట ఒక్కొక్క చిత్రకారుడు తన చేతివాటముతో వేరువేరు బొమ్మలు వేసెను. తండ్రి భాష రాని ఆ పిల్ల ఆ భాషలోని పద్యమును వినుచు నిలుచుండుట చూచినప్పుడు మేము ప్రక్కకు చూచితిమి. మా మనుమరాలు మేము చదువు పోతన పద్యమునకు అర్థము తెలియకయే తల ఊపును. అంతవరకు మేము దానిని చూచి, భాష పోయినదని లోలోపల బాధపడుచుండెడివారము. ఒకటి రెండుసార్లు కసరితిమి కూడ. ఆ రాత్రి తెలిసినది: తల ఊపువారున్నంతవరకు ద్వారము మూతపడలేదు. అర్థము చెప్పవలసిన వారము మేము. కసరుటవలన ఏ బిడ్డకును భాష రాలేదు.

2024లో ఆమె ‘కెన్ ఐ గెట్ ఎ విట్‌నెస్?’ అను చిత్రమును తీసినది. రాబోవు కాలపు కల్పన. భూమిని కాపాడుకొనుటకై మనుష్యులందరు ఏబదియేండ్లకే ఆయువు చాలింపవలెనని నియమము. ఆ కడపటి క్షణములను బొమ్మలు గీచి సాక్ష్యముగ నిలుపుట ఒక బాలిక ఉద్యోగము. ముత్తాతను వెదకిన పుల్లల పిల్లకును, మరణశయ్యల ప్రక్క కూర్చుండి గీయు ఈ పిల్లకును పని యొక్కటియే. పోవువారిని చూచి, పోయిరని చెప్పుట.

ఆ ముసురు సాయంకాలమున మొదటి చిత్రము ముగిసినప్పుడు మా మనుమరాలు, “తాతా, మనకీ ఇలాంటి కథ ఉందా?” అని అడిగినది. ఉన్నదని చెప్పి, గోపాలపురము, రంగూను అను రెండు పేర్లు చెప్పి ఊరకుంటిమి. ఆపైన చెప్పుటకేమియు లేకపోయెను. ఆ మౌనము మమ్ము బాధించినది.

2024లో ఇంటికి తిరిగివచ్చిన వారమునకే మా మేనత్తగారి యొద్దకు పోయితిమి. ఆమెకు తొంబదేండ్లు. మా ముత్తాతగారి సంగతి వినియున్నవారిలో మిగిలినది ఆమె యొక్కతెయే. అడుగగానే ఆమె కొంతసేపు మా ముఖమువంక చూచి, “ఒరే, ఇన్నాళ్లకి అడిగేవా? మీ నాయనా అడగలేదురా” అన్నది.

మూడు మధ్యాహ్నములు చెప్పినది. మూడు కథలు చెప్పినది. మొదటినాడు, ఆయన నాటక సమాజముతో హార్మోనియము వాయించుటకు రంగూను వెళ్లెనని చెప్పినది. అచటి రేవులోను, బియ్యపు మిల్లులలోను పనిచేయు తెలుగు కూలీలు రాత్రివేళ నాటకములకు విరగబడెడివారట. రెండవనాడు, అది కాదు, ఆయన బియ్యపు మిల్లులో లెక్కలు వ్రాయుటకు వెళ్లెననియు, పటములోని హార్మోనియము ఛాయాగ్రాహకుని అంగడిలోనిదనియు చెప్పినది. మూడవనాడు గొంతు తగ్గించి, అన్నగారితో పొలము తగవు పెట్టుకొని చెప్పకుండ రాత్రికి రాత్రి పోయెనని చెప్పినది. నిన్న వేరుగ చెప్పితివి కదా అత్తా అంటిమి. “నిన్నది మా అమ్మ చెప్పింది. ఇది మా నాయన చెప్పేడు. నేనేటి చేసేది?” అన్నది.

1941 డిసెంబరు 23వ తేదీన జపానువారు రంగూనుమీద బాంబులు వేసిరి. అచటి మనవారు వేలకువేలు కాలినడకను అడవులు పట్టి బయలుదేరిరి. చేరినవారు కలరు, త్రోవలో ఒరిగినవారు కలరు. మా ముత్తాతగారు ఏ గుంపులో నుండిరో ఎవ్వరును చెప్పలేదు. మరణతిథి తెలియదు గనుకనే ఆయనకు అమావాస్య తర్పణము.

చివరకు అత్తగారు ట్రంకుపెట్టె అడుగునుండి మూడు కార్డులు తీసినది. గొలుసుకట్టు వ్రాత. తెలుగు చదువుకొన్నవారమై యుండియు మాకు ఒక పంక్తి కూడ సాగలేదు. ఆమె కన్నులు చిట్లించుకొని, వ్రేలు నడుపుకొనుచు చదివినది. దూడ బ్రతికినదా అని ఒకదానిలో అడిగియుండెను. పిల్లవానిని బడి మాన్పింపవలదని రెండవదానిలో. మూడవదానిలో, పెట్టె బాగు చేయించితినని వ్రాసియుండెను. మేము లేచి నిలుచుంటిమి. పెట్టె యనగా హార్మోనియమా అత్తా, అని అడిగితిమి. “హార్మోనీనీ పెట్టే అంటారు, ట్రంకునీ పెట్టే అంటారు. నాకేటి తెలుసురా” అన్నది.

మునుపటి మేమైనచో ఆ జవాబునకు నిరాశపడియుందుము. ఇప్పుడు పడలేదు. ఒక నోటుపుస్తకము తీసి మూడు కథలును వేరువేరుగ, ఎవరు ఎవరితో చెప్పిరో సహా వ్రాసితిమి. కార్డుల పాఠమును అత్తగారు చదువగా అచ్చు అక్షరములవలె విడివిడిగ వ్రాసికొంటిమి. పెట్టె యన్నమాటను పెట్టె యనియే ఉంచితిమి. అన్నిటిని మనుమరాలికి పంపి, ఫోనులో ఒక్కొక్క మాటకు అర్థము చెప్పితిమి. పది దినములకు ఆ పిల్ల మూడు బొమ్మలు గీచి పంపినది. తలకొక సున్న, ఒంటికొక గీత. ఒకదానిలో ఆయన ముందు హార్మోనియము, ఒకదానిలో చిట్టా పుస్తకము, ఒకదానిలో చీకటిలో భుజమున మూట. క్రింద తెలుగు లిపిలో, కొంచెము వంకరగా, ఆయన పేరు వ్రాసినది. ఆ పిల్ల మొదటిసారి తెలుగున వ్రాసిన పేరు తనది కాదు, నాది కాదు, ఆయనది.

అత్తగారికి ఆ బొమ్మలు చూపితిమి. చాలసేపు చూచి, మూట పట్టుకొన్నదానిమీద వ్రేలు పెట్టి, “ఇలాగే ఉండేవాడట” అని నవ్వినది. ఈ నడుమ ఆమెకు మరపు హెచ్చినది. ఒకనాడు కార్డులు ముందుంచగా అక్షరములు కూడుకొనలేక మాకే తిరిగి ఇచ్చినది. మేము ఇంకొక యేడాది ఆలసించియున్నచో ఆ దూడయు, ఆ బడియు, ఆ పెట్టెయు ఎవరికిని తెలియకుండెడివి.

సోదరీసోదరులారా, మన సంఘములు భవనములు కట్టుచున్నవి, ఉత్సవములు చేయుచున్నవి, మంచిదే. ప్రతి యింటను ఒక పాతపెట్టె యున్నది. ప్రతి వీధిలోను గొలుసుకట్టు చదువగల ముసలివారు ఒకరో ఇద్దరో మిగిలియున్నారు. వారియొద్దకు ఈ నెలలోనే పోవలయును. ఒకే కథ చెప్పుడని వారిని పీడింపక, చెప్పినవన్నియు వ్రాసికొనవలయును. తెలుగు చదువలేని పిల్లలను దూరముగ నుంచక, బొమ్మ గీయుమని కాగితము చేతికీయవలయును. నాలుగు గీతలతో ఒక వంశమును నిలుపవచ్చునని కెనడాలోని ఆ స్త్రీ చేసి చూపినది.

2024 మహాలయ అమావాస్యనాడు మేము తర్పణమునకు కూర్చుంటిమి. తండ్రి పేరు చెప్పితిమి, తాత పేరు చెప్పితిమి. మూడవ పేరు వచ్చినప్పుడు పురోహితులు అందింపకముందే మేమే పలికితిమి.